చిన్న కారు, మంచి మైలేజీ – మూడో పాఠం: గ్రిల్ ఎక్కడ మూయాలి, ఎంత మూయాలి

గత పాఠంలో కారును న్యూట్రల్‌లో దొర్లనిచ్చి 80 నుంచి 60కి ఎన్ని సెకన్లలో దిగుతుందో కొలిచి రాసుకున్నారు. ఆ కాగితం ఈ పాఠం చివర్లో కావాలి, దగ్గర పెట్టుకోండి. ఈసారి పని కారు ముందు భాగంలో.

కారు ముఖాన జాలీలా ఉండే గ్రిల్‌లోంచి దూరిన గాలి, ఇంజిన్ వేడిని బయటికి వదిలే రేడియేటర్ రెక్కల మధ్య నుంచి, ఇంజిన్ చుట్టూ, గొట్టాలకూ బ్రాకెట్లకూ కొట్టుకుంటూ చివరికి కారు అడుగున బయటపడుతుంది. ఆ దారంతా దాన్ని లాక్కెళ్లే ఖర్చు మన పెట్రోలుదే. రేడియేటర్‌ను చల్లబరిచిన గాలికి ఆ ఖర్చు పెట్టక తప్పదు. రేడియేటర్‌ను తాకకుండా పక్క సందుల్లోంచి జారిపోయే గాలికి పెట్టేది మాత్రం పూర్తిగా దండగ. ముందు ఆ దండగను ఆపాలి. మిగతాది మూయవచ్చా లేదా అన్నది కూలంట్ (ఇంజిన్‌కూ రేడియేటర్‌కూ మధ్య తిరిగే ద్రవం) వేడి చెబుతుంది.

చలి దేశాల్లో గ్రిల్ మొత్తం మూసేసి నడిపేవాళ్లున్నారు. మే నెల మధ్యాహ్నం సూర్యాపేట దగ్గర, బయట 44 డిగ్రీలున్నప్పుడు, ఏసీ వేసుకుని నలుగురు కూర్చున్న కారుకు ఆ పద్ధతి పనికిరాదు. ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే కండెన్సర్ రేడియేటర్‌కు ముందే ఉంటుంది. దానికి గాలి తగ్గితే గ్యాస్ ప్రెజర్ పెరుగుతుంది, కంప్రెసర్ ఎక్కువ శక్తి తాగుతుంది, క్యాబిన్ చల్లబడదు.

లాభం ఎంతో కూడా ముందే తెలియాలి. మామూలు హ్యాచ్‌బ్యాక్‌ను 90 కి.మీ. వేగంతో నడిపితే గాలి నిరోధం సుమారు 250 న్యూటన్లు, అంటే దాన్ని తోయడానికే ఆరు కిలోవాట్లకు పైగా పోతాయి. ఈ పనితో ఆ నిరోధం 3 శాతం తగ్గిందనుకుంటే మిగిలేది 190 వాట్లు. లీటరుకు 20 వచ్చే కారు హైవే మీద 20.3 ఇస్తుంది. ఊళ్లో 40 మీద తిరిగే కారుకు ఏమీ రాదు. నెలకు నాలుగైదుసార్లు హైదరాబాద్–విజయవాడ లాంటి దూరాలు తిరిగేవాళ్లే ఈ పనికి దిగాలి. రాబోయే పాఠాల్లోని అడుగు పలక, చక్రాల మూతలు కూడా దీనికి తోడైతేనే తేడా ట్యాంకులో కనిపిస్తుంది.

సామాను: ఫ్లెక్సీ షాపుల్లో దొరికే సన్‌ప్యాక్ షీటు (లోపల గాడులున్న ప్లాస్టిక్ అట్ట), నలుపు, 3 లేక 4 మి.మీ. మందం. సన్‌బోర్డు వద్దు, అది దెబ్బకు పెళుసుగా విరుగుతుంది. 10 మి.మీ. మందం నల్ల ఈవీఏ ఫోమ్, కేబుల్ టైలు ఓ పాతిక, కట్టర్, నమూనాకు పాత అట్టపెట్టె, ఫోనుకు కలిపే ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్ నుంచి కూలంట్ వేడి లాంటి అంకెలు చదివి చూపే పరికరం). ఈ రీడర్ లేకుండా పని మొదలుపెట్టవద్దు. డాష్‌బోర్డు మీది ఎర్రలైటు వెలిగేసరికే ఇంజిన్ హద్దు దాటిపోయి ఉంటుంది.

ఏ కన్నం ఎక్కడికి పోతుంది? బంపర్‌లో, గ్రిల్‌లో ఉన్న ప్రతి సందులోకీ ఒక చీపురుపుల్లను నేలకు సమాంతరంగా, మెల్లగా దూర్చండి. పుల్ల రెక్కలకు తగిలితే అది రేడియేటర్ దారి. లోపలి ప్లాస్టిక్‌కో, బంపర్ వెనకాలి ఇనుప పట్టీకో, హెడ్‌లైట్ వెనక ఖాళీకో పోతే అది దండగ దారి. దండగ దారుల మీద మాస్కింగ్ టేపు ముక్క అంటించి గుర్తు పెట్టండి. పుల్లను గట్టిగా పొడిస్తే అల్యూమినియం రెక్కలు వంగుతాయి, జాగ్రత్త. ఎయిర్ ఫిల్టర్‌కు వెళ్లే గొట్టం మూతి పై గ్రిల్ వెనకే ఉందేమో కూడా ఇప్పుడే చూడండి. ఉంటే ఆ భాగం ముట్టుకోకూడదు. టర్బో ఉన్న కారైతే, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఎదురుగా ఉన్నది కూడా అంతే.

ముందు లోపల. బంపర్‌కూ కండెన్సర్ అంచుకూ మధ్య రెండు పక్కలా, పైనా సందులుంటాయి. చాలా కార్లలో వేలు కాదు, చెయ్యే పడుతుంది. అక్కడ ఫోమ్ పట్టీలు ఇరికించి టైలతో కట్టండి. రెక్కల మీదికి రాకూడదు, ఫ్యాన్ వైపు వేలాడకూడదు. ఇది మొత్తం పనిలో అందరూ వదిలేసే భాగం, నిజానికి అన్నిటికంటే విలువైన భాగం. లోపలికి వచ్చిన గాలంతా రేడియేటర్ గుండానే పోవాల్సి వస్తుంది కాబట్టి ఆ తర్వాత బయట ఎక్కువ మూసినా ఇంజిన్ తట్టుకుంటుంది.

తర్వాత బయట. అట్టతో నమూనా కోసి, సరిపోయాకే షీటు కోయండి. షీటు లోపలి గాడులు నిలువుగా ఉండాలి. కారు ముఖం అడ్డంగా వంపు తిరిగి ఉంటుంది, గాడులు నిలువుగా ఉంటేనే షీటు ఆ వంపుకు విరక్కుండా ఒదుగుతుంది, వాననీరూ కిందికి కారిపోతుంది. పై అంచును టేపుతో మూసి, కింది అంచు తెరిచి వదలండి. షీటుకు టైలు దూర్చే కన్నాలు అంచు నుంచి 15 మి.మీ. లోపలికి, అడ్డంగా కొంచెం పొడుగ్గా వేయాలి. 60 సెం.మీ. ముక్క ఎండకు రెండు మూడు మి.మీ. సాగుతుంది. గుండ్రటి కన్నం వేసి బిగించేస్తే మధ్యలో ఉబ్బి, 90 దాటగానే టపటపా కొట్టుకుంటుంది, వారం తిరక్కుండా టై కోసుకుపోతుంది. ముక్క గ్రిల్‌కు బయటివైపు, ఒంటికి అంటినట్టు ఉంటే గాలి నునుపుగా జారుతుంది. వెనక కడితే కంటికి కనిపించదు కానీ లాభం తగ్గుతుంది. నంబర్ ప్లేటు మీదికి అంగుళం కూడా రానీయవద్దు.

మొదటి విడతలో టేపు గుర్తున్న కన్నాలు మాత్రమే మూసి మూడు రోజులు నడపండి. రేడియేటర్ దారుల జోలికి పోవాలంటే ఆ తర్వాతే, అదీ మూడో వంతు చొప్పున.

వేడి లెక్క. చాలా చిన్న పెట్రోల్ కార్లలో కూలంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ 82–88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది, ఫ్యాన్ 95 దగ్గర అందుకుంటుంది. మూయకముందు, మూశాక, ఒకే రోడ్డులో 80 మీద, ఏసీ ఆపి, కూలంట్ ఎంతుందో రాసుకోండి. ఐదు డిగ్రీలకు మించి పెరిగినా, హైవే వేగంలో ఫ్యాన్ తిరగడం మొదలైనా చివరి ముక్క తీసేయాలి. ఎందుకో లెక్క చూడండి: ఆ ఫ్యాన్‌కు కరెంటు ఇవ్వడానికి ఆల్టర్నేటర్ ఇంజిన్ నుంచి అటూఇటూ 300 వాట్లు లాగుతుంది. మిగిలింది 190 అయితే, కారు మునుపటికంటే ఎక్కువ తాగుతున్నట్టే. తర్వాత ఏసీ వేసి, ఏసీ వెంట్‌లో థర్మామీటర్ పెట్టి అదే పరీక్ష చేయండి. ముందుకంటే వెచ్చగా వస్తే కండెన్సర్‌కు గాలి చాలడం లేదు. కూలంట్ 105 తాకితే పక్కకు ఆపి ముక్కలన్నీ పీకేయండి. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తెరవకూడదు.

తిరుమల, శ్రీశైలం ఘాట్లకు వెళ్లేముందు రేడియేటర్ దారి మీది ముక్కలు తీసేయడం తప్పనిసరి. ఎక్కుడులో ఇంజిన్ మీద భారం ఎక్కువ, కారు వేగం తక్కువ, ఎదురుగాలి దాదాపు ఉండదు. ఏటా ఫిబ్రవరి చివర్లో కూడా అవి దిగిపోవాలి. దండగ కన్నాల మీదివీ, లోపలి ఫోమూ ఏడాదంతా ఉండవచ్చు.

కొలత. ఇంత చిన్న తేడాను ట్యాంకు నింపి చూసే పద్ధతి పట్టుకోలేదు. ఎదురుగాలి, ట్రాఫిక్, కుడికాలు ఒక్కోటీ అంతకంటే ఎక్కువ తేడా తెస్తాయి. తెల్లవారుజామున గాలి లేనప్పుడు, అదే రోడ్డులో, ఇంజిన్ ఆపకుండా దొర్లుడు పరీక్ష చేయండి. మూసి ఒకసారి, విప్పి ఒకసారి, మళ్లీ మూసి ఒకసారి, ప్రతిసారీ రెండు దిక్కులా మూడేసి పరుగులు. 80 నుంచి 60కి దిగడానికి 19 సెకన్లు పట్టే కారులో మీరు వెతుకుతున్నది 0.3 సెకన్ల తేడా. చేతి గడియారంతో అది దొరకదు, ఫోనులో వేగాన్ని క్షణక్షణం రాసిపెట్టే జీపీఎస్ లాగర్ యాప్ పెట్టండి. మొదటి మూతకూ చివరి మూతకూ సగటు ఒకేలా రాకపోతే మధ్యలో గాలో, టైరు వేడో మారిందన్నమాట, ఆ ఉదయం లెక్క పక్కన పెట్టేయాలి.

వచ్చే పాఠం ఇంజిన్ కింది పలక. ఈలోగా కారు కింద టార్చి వేసి సైలెన్సర్ గొట్టం దారి కాగితం మీద గీసుకోండి, బంపర్ కింది అంచు నేలకు ఎంత ఎత్తులో ఉందో కొలవండి, మీ వీధిలోని అన్నిటికంటే ఎత్తైన స్పీడ్ బ్రేకర్‌ను కూడా కొలిచి పక్కనే రాయండి.