గేమ్ డెవలప్‌మెంట్‌కి మొదటి పీసీ: ఏ పార్టు మీద ఎంత పెట్టాలి

గేమ్స్ ఆడటానికి కట్టే పీసీలోనూ, గేమ్స్ తయారుచేయడానికి కట్టే పీసీలోనూ ఉండేవి అవే పార్టులు. బడ్జెట్ పంచే లెక్క మాత్రం మారుతుంది. ఆడేవాళ్లు డబ్బులో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుకే పెడతారు, వాళ్లకి అది సరైనదే. తయారుచేసేవాళ్ల రోజులో చాలా భాగం ఎదురుచూపులకే పోతుంది: కోడ్ కంపైల్ అవ్వాలి (అంటే మెషిన్‌కి అర్థమయ్యే రూపంలోకి మారాలి), షేడర్లు (తెర మీద రంగులు, వెలుతురు లెక్కేసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవ్వాలి, మోడళ్లూ టెక్స్చర్లూ ఇంపోర్ట్ అవ్వాలి. ఈ పనుల భారం ఎక్కువగా ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీల మీదే పడుతుంది. అందుకని ముందు ఆ మూడింటికీ డబ్బు తీసి పక్కన పెట్టండి. గ్రాఫిక్స్ కార్డు మిగిలినదాంట్లో చూసుకోవచ్చు.

అంతకన్నా ముందు ఏ ఇంజిన్‌లో (గోడో, యూనిటీ, అన్‌రియల్ లాంటి గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో) పనిచేస్తారో తేల్చుకోవాలి. గోడో తేలికైనది. 2డీ గేములకీ చిన్న 3డీ గేములకీ 6 కోర్ల ప్రాసెసర్ (కోర్ అంటే అందులో విడిగా పనిచేయగల భాగం), 16 జీబీ ర్యామ్ సరిపోతాయి. యూనిటీలో స్క్రిప్టు మార్చిన ప్రతిసారీ ఎడిటర్ కాసేపు ఆగి కోడంతా మళ్లీ లోడ్ చేసుకుంటుంది. ఆ పని చాలావరకు ఒకే కోర్ మీద నడుస్తుంది కాబట్టి అక్కడ కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోర్ వేగం ముఖ్యం. అన్‌రియల్‌లో సీ++ రాసేవాళ్లకి ఎన్ని కోర్లు ఉంటే అంత లాభం. బ్లూప్రింట్లతోనే (కోడ్ రాయకుండా డబ్బాలు కలిపి లాజిక్ తయారుచేసే అన్‌రియల్ పద్ధతి) పనిచేసేవాళ్లకి సీ++ కంపైల్ బాధ లేదు గానీ షేడర్ల బాధ తప్పదు.

ప్రాసెసర్ విషయంలో మొదటిసారి కట్టేవాళ్లకి ఏఎండీ కంపెనీ ఏఎం5 సాకెట్ (మదర్‌బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు) మంచి దారి. ఈ సాకెట్‌కి 2027 దాకా, ఆ తర్వాత కూడా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని కంపెనీ చెప్పింది కాబట్టి రేపు బోర్డు మార్చకుండానే పెద్దది పెట్టుకోవచ్చు. రైజెన్ 5 7600లో 6 కోర్లు, రైజెన్ 7 7700లో 8, రైజెన్ 9 7900లో 12. మూడూ 65 వాట్లవే, మూడింటికీ రిటైల్ బాక్సులో కూలర్ వస్తుంది. అన్‌రియల్ సీ++ వాళ్లు 8 కోర్ల కన్నా తగ్గకండి. పేరు చివర ఎక్స్3డీ ఉన్నవాటిలో అదనంగా ఉండే క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) గేములు ఆడేటప్పుడు బాగా పనికొస్తుంది. కంపైల్‌కి అయితే అదే డబ్బుతో ఎక్కువ కోర్లున్నది తీసుకోవడం మేలు. ఎఫ్ అక్షరం ఉన్నవాటిలో లోపల గ్రాఫిక్స్ ఉండదు. కాస్త చవకే, కానీ గ్రాఫిక్స్ కార్డు వారంటీకి వెళ్లినన్నాళ్లూ స్క్రీన్ మీద ఏమీ రాదు, పని మొత్తం ఆగిపోతుంది.

ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు, ముఖ్యంగా ఐ7, ఐ9, సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకుంటే జాగ్రత్త. ఎక్కువ వోల్టేజీ వల్ల వీటిలో కొన్ని దెబ్బతిన్నాయి. 2024లో బయాస్ (మదర్‌బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు వచ్చాయి గానీ అప్పటికే పాడైన చిప్పుని అవి బాగుచేయలేవు. అన్‌రియల్ గేముల్లో ఇది వీడియో మెమరీ చాలలేదన్న ఎర్రర్‌గా కనిపించేది. తప్పు ప్రాసెసర్‌ది, నింద గ్రాఫిక్స్ కార్డుకి.

ర్యామ్‌ని కోర్లతో కలిపి లెక్కేయాలి, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. అన్‌రియల్‌లో కోడ్ కంపైల్ చేయించే బిల్డ్ టూల్ ఒక్కో కంపైల్ పనికీ సుమారు 1.5 జీబీ ఖాళీ మెమరీ ఉండాలని చూసుకుంటుంది. మామూలుగా ఒక్కో కోర్‌కి ఒక పని నడుపుతుంది కాబట్టి 8 కోర్లు ఉంటే 8 × 1.5, అంటే 12 జీబీ. దాని పక్కన ఎడిటర్, కోడ్ రాసే విజువల్ స్టూడియో, బ్రౌజర్, 3డీ మోడళ్లు చేసే బ్లెండర్ కూడా తెరిచే ఉంటాయి కదా. ర్యామ్ చాలకపోతే టూల్ ఒకేసారి నడిపే పనుల సంఖ్యని తనంతట తానే తగ్గించేస్తుంది. బిల్డ్ మొదలవగానే అవుట్‌పుట్ విండోలో పై వరసలు చదివితే ఎన్ని పనులకి కుదించిందో రాసి ఉంటుంది. 8 కోర్ల ప్రాసెసర్‌కి 16 జీబీ ర్యామ్ పెడితే వాటిలో కొన్నే పనిచేయవచ్చు. డబ్బు పెట్టి కొన్న మిగతా కోర్లు ఖాళీగా కూర్చుంటాయి. కాబట్టి యూనిటీకి 32 జీబీ, అన్‌రియల్ సీ++కి వీలైతే 64 జీబీ.

రెండు స్టిక్కులుగానే కొనండి. ఇప్పుడు రెండు, తర్వాత ఇంకో రెండు అన్న పాత అలవాటు డీడీఆర్5తో కుదరదు. రైజెన్ 7000లో రెండు స్టిక్కులకి అధికారిక వేగం 5200 ఎంటీ/ఎస్, నాలుగు పెడితే 3600కి పడిపోతుంది. 64 కావాలంటే 32 జీబీవి రెండు. రైజెన్‌కి 6000 వేగం, సీఎల్30 (ర్యామ్ స్పందించడానికి పట్టే ఆలస్యాన్ని చెప్పే అంకె) ఉన్న కిట్ బాగా నప్పుతుంది.

ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈ జెన్4 చాలు, జెన్5కి ఎక్కువ పెట్టినా కంపైల్‌లో తేడా పెద్దగా తెలియదు. సైజు 1 టీబీకి తగ్గొద్దు, 2 టీబీ హాయి. అన్‌రియల్‌ని సోర్స్ నుంచి బిల్డ్ చేస్తే అదొక్కటే 100 జీబీ దాటుతుంది. క్యూఎల్‌సీ రకం మెమరీ చిప్పులున్న ఎస్‌ఎస్‌డీ చవకగా దొరుకుతుంది గానీ, పెద్ద ప్రాజెక్టు కాపీ చేస్తున్నప్పుడు అందులోని వేగమైన తాత్కాలిక భాగం (క్యాష్) నిండగానే వేగం బాగా పడిపోతుంది. టీఎల్‌సీ రకమని స్పెసిఫికేషన్‌లో చూసుకుని కొనండి. విండోస్ 11లో డెవలపర్ల కోసం డిస్కులో విడిగా చేసుకునే డెవ్ డ్రైవ్ అని ఒకటుంది, కనీసం 50 జీబీ కావాలి. ప్రాజెక్టులు అందులో పెడితే యాంటీవైరస్ తనిఖీ వల్ల అయ్యే ఆలస్యం తగ్గుతుంది. యూనిటీ లైబ్రరీ ఫోల్డర్‌లో ఉండే వేల చిన్న ఫైళ్లకి ఇది పనికొస్తుంది.

గ్రాఫిక్స్ కార్డులో వేగం కన్నా ముందు వీర్యామ్ (కార్డు సొంత మెమరీ) చూడండి. ఆడేటప్పుడు గేమ్ ఒక్కటే మెమరీ తీసుకుంటుంది. మీ పనిలో ఎడిటర్, దాని లోపల నడిచే గేమ్, పక్కన బ్లెండర్ కలిసి తింటాయి. 8 జీబీ త్వరగా నిండిపోతుంది. ఆర్‌టీఎక్స్ 4060 వేగమైనదే అయినా 8 జీబీ. పాత ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ రకం ఈ పనికి ఇంకా అక్కరకొస్తుంది. కొత్తదే కావాలంటే ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ. అదే పేరుతో 8 జీబీది కూడా అమ్ముతారు, డబ్బా మీద అంకె చదవండి. మొబైల్ గేములు చేసేవాళ్లు కార్డులో కొంత తగ్గించి, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి టెస్టింగ్‌కి కొనుక్కోవడం చాలా మంచిది. డెస్క్‌టాప్ మీద సాఫీగా నడిచే సీన్ ఆ ఫోన్‌లో ఎలా తడబడుతుందో చూస్తేనే తెలుస్తుంది.

మదర్‌బోర్డు బీ650 సరిపోతుంది. ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్లు రెండు, వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం) మీద హీట్‌సింక్, ప్రాసెసర్ పనిచేయకపోయినా బయాస్ అప్‌డేట్ చేసే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్నాయా అని చూడండి. రైజెన్ 9000 పెట్టాలంటే పాత స్టాక్ బోర్డులకి బయాస్ అప్‌డేట్ కావాలి, ఆ బటన్ అప్పుడే ఆదుకుంటుంది.

ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) 650 వాట్లు, గోల్డ్ రేటింగ్. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేది వాడొద్దు. యూపీఎస్ లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. ప్రాసెసర్, కార్డు నిండా పనిచేస్తూ మానిటర్ కూడా దాని మీదే ఉంటే కరెంటు పోయిన క్షణంలోనే ట్రిప్ అయి, సేవ్ అవుతున్న ఫైల్ పాడవుతుంది. 1000 వీఏకి తగ్గకండి. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటే ఇంట్లో ఎర్తింగ్ లేనట్టే, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

మన ఎండాకాలంలో ఏసీ లేని గది 40 డిగ్రీల దాకా పోతుంది. ముందు అద్దం ఉన్న క్యాబినెట్ చూడ్డానికి బాగుంటుంది, గాలి ఆడదు. ముందు జాలీ, లోపలికి రెండు ఫ్యాన్లు, వెనక బయటికి ఒకటి ఉండేలా చూడండి.

సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో) కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి. బోర్డు తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే సాకెట్ మూత తీయించి, పిన్నులన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో లైటు వేసి చూడండి. ఇంటికొచ్చాక వంగి ఉన్నాయంటే ఎవరూ ఒప్పుకోరు.

బిగించేటప్పుడు ర్యామ్‌ని ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్లలో పెట్టండి. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి. మొదటిసారి ఆన్ చేశాక ఫ్యాన్లు తిరుగుతూ స్క్రీన్ నల్లగానే ఉండిపోతుంది. డీడీఆర్5 ర్యామ్‌ని బోర్డు సరిచూసుకుంటోందన్నమాట. 64 జీబీ అయితే కొన్ని నిమిషాలు పట్టవచ్చు. భయపడి ఆపేయకండి, పది నిమిషాలు ఆగండి. తర్వాత బయాస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని డబ్బా మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి, లేకపోతే ర్యామ్ తక్కువ వేగంతోనే నడుస్తుంది.

ఇంజిన్ ఇన్‌స్టాల్ చేసే ముందు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ని రాత్రంతా నడపండి. ర్యామ్‌లో చిన్న లోపం ఉన్నా కంపైలర్ ఒకసారి ఎర్రర్ ఇస్తుంది, అదే కోడ్‌ని మళ్లీ నడిపితే ఇవ్వదు. మీ కోడ్‌లోనే తప్పుందనుకుని రోజుల తరబడి వెతుకుతారు. ఒక్క ఎర్రర్ కనిపించినా ఎక్స్‌పో ఆపి మళ్లీ పరీక్షించండి. అప్పుడూ వస్తే ఒక్కో స్టిక్కునీ విడిగా పెట్టి చూసి, ఏది చెడిందో తేలాక కిట్ మొత్తం వారంటీకి పంపండి.