అక్వేరియం మొక్కలకు ఎరువు: చెరువు లెక్క తొట్టికి పనికిరాదు

మా భీమవరం వైపు ఎరువుల గురించి తెలియని ఇల్లు ఉండదు. ఒకరికి వరి, ఒకరికి కొబ్బరి, ఒకరికి చెరువులు. అందుకే అక్వేరియంలో మొక్కలు పెట్టగానే చెయ్యి ముందు యూరియా సంచీ వైపే వెళ్తుంది. మా బావమరిది చెరువులు చేస్తాడు. "నీళ్లకి రంగు రావడానికి మేం యూరియా, సూపర్ ఫాస్ఫేటు వేస్తాం కదా బావా, నీ తొట్టిలో చిటికెడు వేస్తే ఏమవుద్ది?" అన్నాడు. యూరియా వేయలేదు గానీ, అమెజాన్ స్వోర్డ్ మొక్క మొదట్లో ఇసుకలోకి నాలుగు డీఏపీ గుళికలు నొక్కాను. మర్నాడు మధ్యాహ్నానికి గప్పీలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, సాయంత్రానికి పదకొండు చచ్చిపోయాయి. ఆ బాధ ఇంకొకరు పడకూడదనే ఇదంతా రాస్తున్నాను.

చెరువులో ఎరువు వేసేది నీళ్లు పచ్చబడటానికి, ఆ పచ్చదనం చేపకి మేత కాబట్టి. తొట్టిలో మనకి కావలసింది దానికి పూర్తిగా ఉల్టా: నీళ్లు తేటగా ఉండాలి, తిండి మొక్కకే అందాలి. పైగా యూరియా అయినా డీఏపీ అయినా నీళ్లలో చివరికి అమ్మోనియా దారే పడతాయి. మధ్యాహ్నం వెలుగులో మొక్కలు కార్బన్ డయాక్సైడ్ లాగేసుకునే కొద్దీ పీహెచ్, అంటే నీళ్ల క్షారగుణం, పెరుగుతుంది, మన ఎండలకి నీళ్లూ వేడెక్కుతాయి, ఆ రెండూ కలిస్తే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. పొద్దున్న బాగున్న చేప మధ్యాహ్నం పోయేది అందుకే. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువు కూడా వద్దు, అందులోనూ నత్రజని చాలావరకు ఆ రూపాల్లోనే ఉంటుంది.

మరి ఏం వేయాలి? ఎరువుల కొట్లోనే దొరుకుతుంది, 13-0-45. అంటే పొటాషియం నైట్రేట్, ఆకుల మీద పిచికారీకి వాడేదే. కొట్టాయన ఇంకేదైనా ఇస్తానంటే ఒప్పుకోకండి, సంచీ మీద ఆ అంకెలే చూసుకోండి. 20 గ్రాములు తూచి అర లీటరు మంచినీళ్లలో కరిగించి సీసాలో పెట్టుకోండి. మందుల షాపులో దొరికే సిరంజితో అందులోంచి 10 మి.లీ. తీసి 50 లీటర్ల నీళ్లలో వేస్తే నైట్రేట్ దాదాపు 5 పీపీఎం (అంటే లీటరుకి 5 మిల్లీగ్రాములు), పొటాషియం 3 పీపీఎం పెరుగుతాయి. మామూలు లైటు ఉండి, సిలిండర్‌తో కార్బన్ డయాక్సైడ్ ఎక్కించని తొట్టికి వారానికి ఒక్కసారి ఇది చాలు, చేపలు ఎక్కువుంటే సగం చాలు. మీ తొట్టి ఎన్ని లీటర్లో తెలియకపోతే పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి 28తో గుణించండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి 56 లీటర్లు వస్తుంది, ఇసుక, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 45 అనుకోండి.

భాస్వరం చేప మేతలోనే వస్తుంది. చేపలు తక్కువుండి మొక్కలు బాగా ఒత్తుగా ఉంటేనే 0-52-34, అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్, అవసరం, అదీ అర లీటరుకి 2 గ్రాములే, వేరే సీసాలో. దాన్ని ఐరన్‌తో ఒకే సీసాలో కలపొద్దు, రెండూ పట్టుకుని అడుగున పేరుకుంటాయి. ఒకటి ఆదివారం, ఇంకోటి బుధవారం వేయండి.

ఐరన్, సూక్ష్మపోషకాలు మాత్రం అక్వేరియం షాపులో కొనండి, డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. చేలకి వేసే జింకు, మిక్స్‌డ్ మైక్రో పొడులు తొట్టిలోకి రానివ్వొద్దు, వాటిలో ఉండే జింకు, రాగికి రొయ్యలు, నత్తలు బతకవు.

ఏది తక్కువైందో ఆకే చెబుతుంది, కానీ దగ్గరగా చూడాలి. మా హైగ్రోఫిలాలో కింది పాత ఆకుల మీద సూదితో పొడిచినట్టు చిన్న బెజ్జాలు వచ్చాయి, ప్రతి బెజ్జం చుట్టూ పసుపు అంచు, రోజులు గడిచే కొద్దీ అవి కలిసిపోయి ఆకు జల్లెడలా అయింది. నత్త తిన్నదనుకున్నాను. నత్త కొరికితే పసుపు అంచు ఉండదు, అది పొటాషియం లోటు. పాత ఆకు మొత్తం పసుపైతే నత్రజని. కొత్త చిగురు తెల్లబారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఐరన్. పాడైన ఆకు మళ్లీ బాగుపడదు, దాన్ని కత్తిరించేసి కొత్తగా వచ్చే ఆకునే చూడండి. రెండు వారాలైనా ఆగకుండా మోతాదు మార్చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

స్వోర్డ్, క్రిప్టోకొరైన్, వాలిస్నేరియా వేళ్లతో తింటాయి. వాటికి రూట్ ట్యాబ్లెట్లు, అంటే వేళ్ల దగ్గర పెట్టే ఎరువు బిళ్లలు, మొక్క మొదటికి రెండంగుళాల దూరంలో ఇసుక అడుక్కి నొక్కండి, రెండు మూడు నెలలకోసారి. అనూబియాస్, జావా ఫెర్న్ నీళ్లలోంచే తీసుకుంటాయి, వాటి దుంపకాండం ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది. లంక ఒండ్రు మట్టి అడుగున వేద్దామనుకునే వాళ్లు అంగుళం మట్టి, పైన అంగుళంన్నర ఇసుక వేసి, మొక్కలు నాటి, అమ్మోనియా టెస్టులో సున్నా వచ్చేదాకా చేపల్ని వదలొద్దు. పశువుల ఎరువు వేసిన మట్టి అసలు వద్దు. పంటకాలువలోంచి తెచ్చిన హైడ్రిల్లాని కూడా వేరే బకెట్లో ఉంచి నీళ్లు మారుస్తూ రెండు వారాలు చూశాకే తొట్టిలో పెట్టండి, చేలలో కొట్టిన పురుగుమందులన్నీ ఆ కాలువలోకే దిగుతాయి.

ఎరువు వేయగానే నాచు పట్టిందని చాలామంది ఆపేస్తారు. ముందు లైటు తగ్గించండి, రోజుకి ఆరేడు గంటలు చాలు, కిటికీ ఎండ తొట్టి మీద పడకూడదు. వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చండి, మిగిలిపోయిన ఎరువు దాంతో పోతుంది.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఇంకో సంగతి. అప్పుడు చాలా ఇళ్లలో బోరు నీళ్లే దిక్కు, వాటిలో సున్నం లాంటి లవణాలు ఎక్కువ, పీహెచ్ కూడా ఎక్కువ. ఐరన్ నీళ్లలో పేరుకోకుండా దాన్ని పట్టి ఉంచే పదార్థాలే ఈడీటీఏ, డీటీపీఏ. ఈడీటీఏ ఐరన్ ఆ నీళ్లలో త్వరగా విడిపోయి మొక్కకి అందదు, డబ్బా మీద డీటీపీఏ అని ఉన్నది తెచ్చుకోండి, వారం మోతాదుని మూడు భాగాలు చేసి రోజు విడిచి రోజు వేయండి. తీసిన పాత నీళ్లు మురుక్కాలువలో పోయకండి, మా ఇంట్లో అవి కరివేపాకు మొక్కకే వెళ్తాయి.