పాత కారు, చిన్న బడ్జెట్ – 3వ పాఠం: సర్వీసింగ్ ఎన్నాళ్లకు?

గత పాఠంలో డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడటం నేర్చుకున్నాం. పాత బిల్లులు వెతికి, ఏది ఎప్పుడు మార్చారో ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాం. ఈ రోజు ఆ పుస్తకంతోనే పని. బిల్లు దొరకని చోట "తెలియదు" అని రాసి ఉంటారు కదా, దాన్ని కొట్టేసి "చేయలేదు" అని రాయండి. కారు అమ్మినాయన "అన్నీ మొన్ననే చేయించానండీ" అని ఒట్టేసి చెప్పినా సరే.

కారు ఎన్నాళ్లకోసారి సర్వీసింగ్‌కి ఇవ్వాలని అడిగితే మెకానిక్ ఒకటి చెబుతాడు, బావగారు ఇంకొకటి చెబుతారు. అసలు తిరకాసు ప్రశ్నలోనే ఉంది. సర్వీసింగ్ అంటే ఒక పని కాదు, పది పన్నెండు పనుల మూట. కొత్త కారుకు వారంటీ పోకూడదు కాబట్టి మూట మొత్తం ఒకేసారి చేయిస్తాం. పదేళ్లు దాటిన కారుకైతే ఆ మూట విప్పాలి. ఒక్కో పనికి ఒక్కో గడువు ఉంటుంది. ఏది ఇప్పుడు, ఏది వచ్చే ఏడాది అని విడగొట్టుకుంటేనే చేతిలో ఉన్న డబ్బు సరిపోతుంది.

ముందు ఇంజిన్ ఆయిల్. చాలా పెట్రోల్ కార్ల మాన్యువల్‌లో "10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది" అన్న తరహాలో ఉంటుంది. మీ కారుది మీ మాన్యువల్‌లోనే చూడండి. మన కళ్లు మాత్రం కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతాయి, నెలల మాట గాలికి పోతుంది.

రెండు కార్లు అనుకుందాం. మొదటిది హైదరాబాద్ నుంచి ఖమ్మం, సూర్యాపేట వైపు పని మీద తిరిగే కారు. నెలకు 1,500 కిలోమీటర్లు. దానికి 10,000 ఏడు నెలల్లోపే నిండుతుంది. కాబట్టి కిలోమీటర్ల లెక్కే ముందొస్తుంది, ఇందులో పేచీ లేదు. రెండోది విజయవాడలో ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు వెళ్లొచ్చే కారు, ఏడాదికి రెండుసార్లు సొంతూరికి వెళ్తుంది. అన్నీ కలిపి ఏడాదికి 5,500 కిలోమీటర్లు. రీడింగ్ చూసుకుని "ఇంకా సగమే అయింది" అని ఓనరు నిశ్చింతగా ఉంటాడు. నిజానికి ఈ రెండో కారు ఆయిలే ముందు పాడవుతుంది.

ఎందుకంటే ఇంజిన్‌లో పెట్రోల్ మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. చల్లటి ఇంజిన్‌లో అందులో కొంత నీరై ఆయిల్‌లో కలుస్తుంది. మండని పెట్రోల్ కూడా కొద్దిగా కిందికి జారుతుంది. అరగంట ఆగకుండా నడిపితే ఆయిల్ బాగా వేడెక్కి ఆ తేమ ఎగిరిపోతుంది. నాలుగు కిలోమీటర్ల ప్రయాణంలో ఆయిల్ వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది. చలికాలంలో ఆయిల్ పోసే మూత తీస్తే లోపల మీగడలాంటి తెల్లటి నురగ కనిపించేది అందుకే. (నురగతో పాటు కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, కూడా తగ్గుతుంటే అది వేరే రోగం, ఆలస్యం చేయకుండా చూపించండి.)

మాన్యువల్ చివర్లో దుమ్ము రోడ్లు, ట్రాఫిక్, దగ్గర ప్రయాణాలు చేసే కార్లకు వేరే పట్టిక ఉంటుంది. ఎవరూ చదవని పేజీ అది. అందులో గడువులు బాగా తక్కువగా ఉంటాయి. మన ఊళ్లలో తిరిగే కార్లు చాలావరకు ఆ పట్టిక కిందికే వస్తాయి. మరి విజయవాడ కారుకు ఏడాదికి రెండుసార్లు ఆయిల్ మార్చాలా? డబ్బుంటే మార్చండి. లేకపోతే నా మాట ఇది: ఏడాదికి ఒకసారి కచ్చితంగా, ఫిల్టర్‌తో సహా మార్చండి. వారానికోసారి హైవే మీద ఓ నలభై నిమిషాలు తిప్పండి. నెలకోసారి డిప్‌స్టిక్ చూడండి. ఒక్క నెల కూడా వాయిదా వేయొద్దు.

ఇక బ్రేక్ ఆయిల్. దీనికి కిలోమీటర్లతో దాదాపు పని లేదు, క్యాలెండర్‌తోనే పని. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కారు షెడ్డులో ఊరికే ఉన్నా సరే. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230 నుంచి 155కి. ఊళ్లో తిరిగినన్నాళ్లూ తేడా తెలియదు. నేనూ "తిరిగిందెంతని" అనుకుని ఐదేళ్లు దాని జోలికి పోలేదు. శ్రీశైలం నుంచి దోర్నాల వైపు ఘాట్ దిగుతుంటే, బ్రేకు మీదే కాలు పెట్టి దిగడం వల్ల, ఆ వేడికి ఆయిల్ మరిగి పెడల్ స్పాంజిలా మెత్తబడిపోయింది. సెకండ్ గేర్‌లోకి దించి, ఎలాగో పక్కకు ఆపి, ముప్పావు గంట కోతులను చూస్తూ కూర్చున్నాం. మా ఆవిడ ఆ రోజు ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ భయం వేసింది. రెండేళ్లకోసారి మార్చేయండి. డబ్బు తక్కువగా ఉందని ఆపే పని కాదిది.

కూలెంట్‌కూ గడువు మాన్యువల్‌లో ఉంటుంది. తగ్గిందని కుళాయి నీళ్లు పోస్తూ పోతే రేడియేటర్‌లో తుప్పు, సున్నం పేరుకుంటాయి. ఎయిర్ ఫిల్టర్‌ను దుమ్మును బట్టి చూసి మార్చుకోవచ్చు. బ్రేక్ ప్యాడ్లూ అంతే, అరుగుదల చూడాలి. టైమింగ్ బెల్ట్ (ఇంజిన్‌లో పిస్టన్లు, వాల్వులు ఒకే తాళంలో కదిలేలా చూసే బెల్ట్) మాత్రం చూసి చెప్పగలిగేది కాదు. ముందు మీ ఇంజిన్‌కు బెల్ట్ ఉందో, చైన్ ఉందో తెలుసుకోండి. ఆల్టో 800లో బెల్ట్, ఆల్టో కె10లో చైన్, పేరు ఒకటే అయినా. చాలా ఇంజిన్లలో బెల్ట్ తెగితే పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి. మార్చినట్టు బిల్లు లేకపోతే మీ పుస్తకంలో అదే మొదటి వరసలో ఉండాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఈ ధరలు లెక్క నేర్చుకోవడానికి అనుకున్నవి, మీ మెకానిక్ షెడ్డులో అడిగి మీవి రాయండి. ఆయిల్, ఫిల్టర్ ఏడాదికి 2,200. బ్రేక్ ఆయిల్ 800, రెండేళ్లకు కాబట్టి ఏడాదికి 400. కూలెంట్ 1,500, మూడేళ్లకు పంచితే 500. ఎయిర్ ఫిల్టర్ రెండేళ్లకు 400, అంటే 200. బ్యాటరీ 4,500, నాలుగేళ్లకు పంచితే 1,125. టైర్లు నాలుగూ 14,000, ఆరేళ్లకు పంచితే 2,333. మొత్తం 6,758. నెలకు 563 రూపాయలు. నేనైతే 800 పక్కన పెడతాను. మిగిలింది ప్యాడ్లకో, పాత కారు అడక్కుండానే ఇచ్చే షాకులకో ఉంటుంది. బిల్లు వచ్చినప్పుడు టెన్షన్ ఉండదు.

సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు ఇంజిన్ ఫ్లష్, టెఫ్లాన్ కోటింగ్, పెట్రోల్ ట్యాంకులో పోసే సీసా మందు, ఇలాంటివి బిల్లులోకి ఎక్కుతుంటాయి. "వద్దు అన్నా, ఆయిల్, ఫిల్టర్, బ్రేక్ ఆయిల్, అంతే" అని కారు ఇచ్చేటప్పుడే కాగితం మీద రాయించండి. ఆ డబ్బు పెట్రోల్ పైపుల మీద పెట్టండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత కార్ల రబ్బరు పైపులు, సీళ్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పగుళ్లున్నా, బోనెట్ ఎత్తగానే పెట్రోల్ వాసన వచ్చినా మార్పించేయాలి.

అభ్యాసం: 2009 మోడల్ పెట్రోల్ కారు. కొడుకు డాలస్ వెళ్తూ తెనాలిలో నాన్న దగ్గర వదిలేశాడు. నాన్నగారు శనివారం శనివారం గుడికి తీస్తారు, ఏడాదికి 600 కిలోమీటర్లు. ఆయిల్ మార్చి 14 నెలలు, బ్రేక్ ఆయిల్ బిల్లు లేదు, బ్యాటరీకి మూడేళ్లు. టైరు పక్కన 2317 అని ఉంది, అంటే 2017లో 23వ వారంలో తయారైంది. అరుగుదల దాదాపు లేదు. చేతిలో ఉన్నది 6,000. ఈ నెల ఏమేం చేయిస్తారో, ఏది ఆపుతారో వరసగా రాయండి. నా జవాబు వచ్చే పాఠంలో, టైర్ల దగ్గర నుంచి మొదలుపెడదాం.