ఫైళ్లు తొలగించినా జాగా ఖాళీ కాకపోతే

ఓపెన్‌సూసే (ఒక రకం లినక్స్) సర్వర్‌లో రూట్ పార్టిషన్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌పై ఉండి, పాత కెర్నెల్ ప్యాకేజీలను తొలగించినా ఖాళీ జాగా పెరగకపోతే, ముందుగా స్నాప్‌షాట్లను, అంటే సిస్టమ్ ఒక్కో సమయంలో ఉన్న స్థితిని భద్రపరిచే నకళ్లను, అనుమానించాలి. ఆ ఫైళ్లు పైకి కనిపించకపోయినా, వాటి బ్లాకులను పాత స్నాప్‌షాట్లు ఇంకా పట్టుకునే ఉంటాయి. (వార్ (/var) డైరెక్టరీ సాధారణంగా విడి సబ్‌వాల్యూమ్, అంటే రూట్ స్నాప్‌షాట్లలో చేరని వేరే భాగం కనుక, అక్కడి లాగ్‌ల బరువుకు కారణం వేరే వెతకాలి.)

స్నాప్‌షాట్లను నిర్వహించే సాధనం పేరు స్నాపర్; రూట్ హక్కులతో 'స్నాపర్ లిస్ట్' ఆదేశం ఇస్తే వాటి వరుస సంఖ్యలు, తేదీలు కనిపిస్తాయి. కోటా (జాగా వాడకాన్ని లెక్కగట్టే సదుపాయం) అమల్లో ఉంటే వాడిన జాగా కూడా కనిపిస్తుంది గానీ, దాన్ని చూసి మోసపోకూడదు: అది ఆ ఒక్క స్నాప్‌షాట్‌కే చెందిన డేటా లెక్క. ఒకే పాత ఫైలును పది స్నాప్‌షాట్లు పంచుకుంటుంటే దాని పరిమాణం ఏ ఒక్కదాని ఖాతాలోనూ పడదు, పదీ పోతే తప్ప ఆ జాగా తిరిగి రాదు. అందువల్ల ఒక్కొక్కటిగా కాకుండా, 'స్నాపర్ డిలీట్ 40-65' అన్నట్లు వరుసలోని పాతవాటన్నిటినీ ఒకేసారి తొలగించడమే మేలు. బ్లాకుల విడుదల నేపథ్యంలో నెమ్మదిగా సాగుతుంది కాబట్టి సింక్ ఆప్షన్ జోడిస్తే, పని పూర్తయ్యాకే ప్రాంప్ట్ తిరిగి వస్తుంది. ఇకముందు పేరుకోకుండా ఉండాలంటే స్నాపర్ కాన్ఫిగరేషన్‌లో నంబర్ లిమిట్ (ఉంచాల్సిన స్నాప్‌షాట్ల సంఖ్య) విలువను తగ్గించి, 'స్నాపర్ క్లీనప్ నంబర్' నడపాలి.