ఒక్క దెబ్బతో చంపే శత్రువును న్యాయంగా రూపొందించడం ఎలా?

వీడియో గేమ్‌లో శత్రువు ఒకే దెబ్బతో ఆటగాడిని చంపడంలో అన్యాయమేమీ లేదు. తానెందుకు చచ్చిపోయాడో ఆటగాడికి అర్థం కానప్పుడే అది అన్యాయమవుతుంది. అందువల్ల ఇలాంటి దాడిని రూపొందించేవారు, దెబ్బ పడక ముందు ఆటగాడికి ఏమి వినిపిస్తుంది, ఏమి కనిపిస్తుంది, తప్పించుకునేందుకు అతడి చేతిలో ఏముంటుంది అన్న విషయాలతో పని మొదలుపెట్టాలి.

శబ్దానికి నేను పెద్దపీట వేస్తాను. 2005లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 4లో, తలకు గోనెసంచి తొడుక్కున్న మోటారు రంపం మనిషి చేతికి చిక్కితే, హెల్త్ నిండుగా ఉన్నా కథానాయకుడు లియాన్ తల తెగిపోతుంది. ఆ ఆటలో కెమెరా భుజం వెనకే ఉంటుంది, తుపాకీ గురిపెట్టినప్పుడు అడుగు కదపడం కుదరదు, కనుక వెనక నుంచి వచ్చేవాడు కంటబడడు. అయినా ఆ చావు నాకెన్నడూ మోసమనిపించలేదు, ఎందుకంటే మనిషి కనబడక ముందే రంపం మోత వినబడుతుంది, పైగా కాల్చి వాణ్ణి కాసేపు తూలేలా చేయవచ్చు. అయితే ఫోన్‌లో సౌండ్ ఆపేసి ఆడేవారూ, వినికిడి లోపం ఉన్నవారూ ఉంటారు గనుక, అదే హెచ్చరికను తెర అంచున గుర్తుగానో వైబ్రేషన్‌గానో కూడా ఇవ్వాలి.

హెచ్చరికకూ దెబ్బకూ మధ్య ఇచ్చే వ్యవధి విషయంలో లెక్క తప్పడం సులభం. కంటికి కనబడినదానికి మనిషి స్పందించడానికి సుమారు 250 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 60 ఫ్రేముల (తెర మీద మారే బొమ్మల) ఆటలో 15 ఫ్రేములు పడుతుంది. కానీ అది ఒకే మీట మీద వేలుంచి, ఒకే సంకేతం కోసం ఎదురుచూసేవాడి లెక్క. ఆటలో దాడిని గుర్తుపట్టాలి, ఎటు దూకాలో తేల్చుకోవాలి, టీవీ ఆలస్యమూ పాత్ర దూకే యానిమేషనూ దానికి తోడవుతాయి. నేనైతే ఆ వ్యవధిని 48 ఫ్రేములతో మొదలుపెట్టి, పరీక్షిస్తూ తగ్గించుకుంటూ వస్తాను. హిట్‌బాక్స్‌ను (దెబ్బ తగిలినట్టు ఆట లెక్కించే ప్రాంతాన్ని) కూడా కనిపించే ఆయుధం కంటే కొంచెం చిన్నదిగానే ఉంచాలి.

విడివిడిగా న్యాయమైన రెండు దాడులు కలిస్తే అన్యాయం కావచ్చు. ఒక చిన్న శత్రువు కొట్టి నిశ్చేష్టుణ్ణి చేసిన క్షణంలోనే పెద్దవాడి దెబ్బ పడితే, ఎంత నేర్పున్నా ఆటగాడు చేయగలిగింది ఉండదు. అందుకని ప్రాణాంతక దాడి మొదలైనప్పుడు మిగతా శత్రువులు కొత్త దాడికి దిగకుండా కోడ్‌లోనే అడ్డుకోవాలి.

చావును పాచికకు వదిలేయడం నాకు నచ్చదు. దానికంటే నెట్‌హ్యాక్ అనే ఆట పద్ధతి మేలు: అందులో కాకట్రైస్ అనే జీవి బుస వల్ల శరీరం రాయిగా మారడం మొదలైనా, ప్రాణం పోయేలోగా కొన్ని వంతులు మిగులుతాయి, ఆ లోపు బల్లి శవాన్ని తింటే బతకవచ్చు. (అదే జీవిని చేతి తొడుగులు లేకుండా తాకితే మాత్రం వెంటనే చావే, కానీ ఆ తాకడం ఆటగాడి నిర్ణయం.) 2008 నాటి లెఫ్ట్ 4 డెడ్ ఆటలో విచ్ అనే శత్రువు కూడా అలాంటిదే: ఏడుపు దూరం నుంచే వినబడుతుంది, టార్చి ఆర్పి పక్కనుంచి తప్పుకోవచ్చు, రెచ్చగొడితే ఎక్స్‌పర్ట్ స్థాయిలో ఒక్క దెబ్బకే చంపుతుంది.

మొదటిసారి ఈ శత్రువు ఎదురయ్యే చోటును చెక్‌పాయింట్‌కు (చచ్చాక ఆట తిరిగి మొదలయ్యే చోటుకు) దగ్గరగా పెట్టాలి, ఎందుకంటే పది నిమిషాల ఆట పోగొట్టుకున్నవాడు పాఠం నేర్చుకోడు, ఆటనే మూసేస్తాడు.

చివరగా, ఆటను మునుపెన్నడూ చూడనివారితో ఆడించి, చచ్చిన వెంటనే కారణం అడగండి. “చూడలేదు” అంటే హెచ్చరికను సరిదిద్దాలి. “చూశాను గాని వ్యవధి లేదు” అంటే ఫ్రేములు పెంచాలి. “నొక్కాను గాని దూకలేదు” అంటే తప్పు కంట్రోల్స్‌లో ఉంది. “అత్యాశకు పోయి ఇంకో దెబ్బ కొట్టబోయాను” అంటే ఆ దాడిని ఇక ముట్టుకోకండి.