కాప్ సదస్సులో ఒక్క ప్రతినిధి మాట ఎంత పనిచేసిందో కనిపెట్టడం ఎలా?

కాప్, అంటే ఐక్యరాజ్యసమితి ఏటా జరిపే వాతావరణ సదస్సు అనగానే మా డిగ్రీ విద్యార్థులు దేశాధినేతల ప్రసంగాలు వెతుకుతారు. వాటిని పక్కన పెట్టి చివరి ప్లీనరీ, అంటే అన్ని దేశాలూ కూర్చునే సభ, రికార్డింగు చూడమంటాను. ఒక మనిషి వల్ల ఏం మారిందో అక్కడే తెలుస్తుంది.

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఓటింగ్ ఎలా జరగాలన్న నిబంధనపై ఈ సదస్సుల్లో దేశాలు ఇప్పటికీ ఒక మాటకు రాలేదు. అందుకే నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే జరగాలి. ఎవరూ అడ్డు చెప్పకపోతే అధ్యక్షుడు సుత్తి కొడతాడు, ఇక అంతే. చిన్న దేశం ప్రతినిధికి కూడా బలం వచ్చేది ఈ పద్ధతి వల్లే.

తర్వాత చివరి డ్రాఫ్టునూ, ఆమోదించిన నిర్ణయాన్నీ పక్కపక్కన పెట్టుకోండి. డ్రాఫ్టులో బ్రాకెట్ల మధ్య ఉన్నది ఇంకా తేలనిదని అర్థం. మారిన మాట కింద గీత గీసి, దాన్ని ఎవరు మార్పించారో వెతకండి. నేను మొదట చూపించేది 2011 డర్బన్ సదస్సు. గడువు దాటిపోయి ఆదివారం తెల్లవారుజామైంది. రాబోయే ఒప్పందం గురించి డ్రాఫ్టులో ఉన్న "చట్టపరమైన ఫలితం" అన్న మాట మరీ బలహీనంగా ఉందని యూరప్ తరఫున కోనీ హెడెగార్డ్ పట్టుబట్టారు. 120 కోట్ల మంది బతుకుల మీద ఖాళీ చెక్కు ఎలా రాసివ్వమంటారని మన మంత్రి జయంతి నటరాజన్ నిలదీశారు. ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోండని అధ్యక్షురాలు అనడంతో హాలు మధ్యలోనే అందరూ గుమిగూడారు. "చట్టబలం ఉన్న అంగీకృత ఫలితం" అందామని బ్రెజిల్ ప్రతినిధి లూయిజ్ ఫిగెరేదో సూచించారు. ఇద్దరూ సరేనన్నారు. 2015 పారిస్ ఒప్పందానికి దారి పడింది ఆ నిర్ణయంతోనే. గట్టిగా వాదించినవాళ్లకంటే, ఇద్దరికీ సరిపడే మాట అందించిన మనిషే నాకు గొప్పగా కనిపిస్తాడు.

కానీ తొందరపడి ఒక్కరికే పేరు కట్టబెట్టకండి. 2007లో బాలిలో పాపువా న్యూగినీ ప్రతినిధి కెవిన్ కాన్రాడ్, ముందుండి నడిపించడం ఇష్టం లేకపోతే దారి వదలండని, నిర్ణయానికి అడ్డుపడుతున్న అమెరికాకు చెప్పారు. కాసేపటికే అమెరికా దిగొచ్చింది. అయితే ఆయనకు ముందే దక్షిణాఫ్రికా సహా పలు దేశాలు అమెరికాను తప్పుపట్టాయి. 2021లో గ్లాస్గోలో బొగ్గు "ఎత్తివేత"ను "తగ్గింపు"గా మార్చిన వాక్యం చదివింది మన మంత్రి భూపేందర్ యాదవ్. ఆ "తగ్గింపు" మాట మూడు రోజుల ముందే అమెరికా, చైనా ఉమ్మడి ప్రకటనలో ఉంది. అందుకే ఒక వారం వెనక్కి వెళ్లి చదవాలి. రోజువారీ చర్చల కోసం ఎర్త్ నెగోషియేషన్స్ బులెటిన్ చూడండి, చాలా వివరంగా ఉంటుంది.

సుత్తి పడిన నిమిషాన్ని తప్పకుండా రాసుకోండి. 2024లో బాకూలో వర్ధమాన దేశాలకు ఏడాదికి 300 బిలియన్ డాలర్ల నిధి లక్ష్యాన్ని మన ప్రతినిధి చాందినీ రైనా సూటిగా తిరస్కరించారు. కానీ అప్పటికే సుత్తి పడింది, నిర్ణయం నిలిచింది. అంతకుముందు ఏడాది దుబాయ్‌లో ఇంకా దారుణం. 39 చిన్న ద్వీపదేశాల తరఫున మాట్లాడే సమోవా ప్రతినిధి ఆన్ రాస్ముసెన్, మేము హాల్లో లేనప్పుడు సుత్తి కొట్టేశారని అన్నారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు, నిర్ణయంలో అక్షరం మారలేదు. కాబట్టి ఎవరు ఏమన్నారో రాసుకునేటప్పుడు, అప్పుడు హాల్లో ఎవరు లేరో కూడా పక్కన రాయండి.