మెనీయా, మచ్చా? చివరి మాట చూడండి

తిరుపతిలో హోటల్ రిసెప్షన్‌లో కూర్చునో, టాక్సీ నడుపుతూనో బయటి రాష్ట్రాల భక్తులతో ఇంగ్లిష్ మాట్లాడాల్సినవాళ్లకి తరచూ వచ్చే టెన్షన్ ఇది: రెండు నామవాచకాలు కలిసి వచ్చినప్పుడు ముందు మెనీ పెట్టాలా, మచ్ పెట్టాలా? మొదటి మాటను వదిలేయండి. చివరిది లెక్కపెట్టగలిగేదా కాదా అన్నదే చూడండి.

చిత్తూరు మామిడినే తీసుకుందాం. మ్యాంగో పల్ప్‌ని ఒకటి, రెండు అని లెక్కపెట్టలేం కాబట్టి ‘హౌ మచ్ మ్యాంగో పల్ప్’ అంటాం, అదే పక్కన ఫ్యాక్టరీ వచ్చి చేరితే చివరి మాట మారిపోయింది కాబట్టి ‘హౌ మెనీ మ్యాంగో పల్ప్ ఫ్యాక్టరీస్’ అవుతుంది. లగేజ్‌కి మచ్, లగేజ్ ట్రాలీస్‌కి మెనీ. ఫ్యూ, లిటిల్ కూడా ఇంతే: మెనీ వచ్చేచోట ఫ్యూ, మచ్ వచ్చేచోట లిటిల్.

బహువచనం ఎస్ కూడా మామూలుగా చివరి మాటకే. ‘టికెట్ కౌంటర్స్’ అనాలి, ‘టికెట్స్ కౌంటర్స్’ కాదు. ‘స్పోర్ట్స్ షూస్’ లాంటివి కొన్ని వేరుగా ఉంటాయి, వాటిని అలాగే గుర్తుపెట్టుకోవాలి.

అసలు జాగ్రత్త పడాల్సింది అంకెలు వచ్చినప్పుడు. 300 రూపాయల దర్శనం టికెట్లు నాలుగు అని చెప్పాలంటే ‘ఫోర్ త్రీ హండ్రెడ్ రూపీ టికెట్స్’, మధ్యలో రూపీస్ రాకూడదు. ‘టూ హండ్రెడ్ రూపీ నోట్స్’ అని ఊరికే రాస్తే వంద రూపాయల నోట్లు రెండా, 200 రూపాయల నోట్లా తెలియదు. హండ్రెడ్‌కీ రూపీకీ మధ్య మాత్రమే హైఫన్ పెడితే వంద రూపాయల నోట్లు రెండు. టూ, హండ్రెడ్, రూపీ మూడింటినీ హైఫన్లతో కలిపితే 200 రూపాయల నోట్లు. మాటల్లో హైఫన్ వినపడదు కదా, అప్పుడు ‘టూ నోట్స్ ఆఫ్ వన్ హండ్రెడ్ రూపీస్’ అని విడదీసి చెప్పేయండి.